సలహాకు రేటు కట్టిన మాస్టార్లు

ఒడిశాలో ప్లస్ టూ (ఇంటర్) ఫలితాలు ఇంకా రాలేదు. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడిల్లో సీట్ల బేరాలు మాత్రం అప్పుడే మొదలయ్యాయి. రంగురంగుల బ్రోషర్లతో దిగే కాలేజీ పీఆర్వోలు మనకు కొత్త కాదు. ఈసారి వాళ్లను క్లాసులోకి పిలిచి కూర్చోబెడుతున్నది పాఠం చెప్పే మాస్టార్లే. పిల్లల ఫోన్ నంబర్లు ఇచ్చినందుకు ఒక లెక్క, సీటు ఖాయమైతే తలకింత అని ఇంకో లెక్క.

గుణుపూర్ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి మా ఆఫీసుకు వచ్చారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచారు. నోటుబుక్కులోంచి చింపిన ముక్క. అయిదు వేలు ముట్టినట్టు రాసి, కింద సంతకం లాంటి ఒక గీత. కాలేజీ పేరు లేదు, ముద్ర లేదు, తేదీ లేదు. కూతురి పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ కూడా అప్పజెప్పేశారు. ఎందుకిచ్చారని అడిగితే, ‘మాస్టారు చెప్పారు కదా బాబూ’ అన్నారు.

ఆ నమ్మకాన్నే అమ్ముకుంటున్నారు. ‘మీరు తెలుగువాళ్లే కదా, ఆంధ్రాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేస్తుంది’ అని ఆయనకు చెప్పారట. పచ్చి అబద్ధం. తెలుగు మాట్లాడినంత మాత్రాన ఎవరూ లోకల్ అయిపోరు. అక్కడ ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో భర్తీ చేసే కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవి. ప్లస్ టూ వరకు ఒడిశాలోనే చదివిన పిల్లలు స్థానికుల లెక్కలోకి రారు. మిగతా 15 శాతానికీ షరతులున్నాయి. చివరికి మిగిలేది కాలేజీయే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా, దానికి రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ సంగతి కమిషన్ తీసుకున్న మాస్టారికి తెలియదా?

పల్లె పిల్లలకు దారి చూపించేవాళ్లు లేరు కాబట్టే సాయం చేస్తున్నామని కొందరు అధ్యాపకులు అంటున్నారు. సాయమైతే దానికి రేటెందుకు? సలహా చెప్పే నోరు, కమిషన్ అందుకునే చెయ్యి ఒకరివే అయినప్పుడు అది సలహా కాదు, అమ్మకం.

నిజంగా దారి చూపించాలనుకుంటే పని బోలెడుంది. ప్లస్ త్రీ (డిగ్రీ) అడ్మిషన్లు ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ శామ్స్‌లోనే జరుగుతాయి. పిల్లల్ని కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి ఆ దరఖాస్తు ఎలా నింపాలో చూపించవచ్చు. ఇంజినీరింగ్ కాలేజీ అంటే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి ఉందో లేదో, యూనివర్సిటీ అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ ఇచ్చే నకిలీల జాబితాలో పేరుందో లేదో వెతకడం నేర్పవచ్చు. నాణ్యతను కొలిచే సంస్థలు రెండు: నాక్ గ్రేడు మొత్తం కాలేజీకి, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి. రెండింటికీ గడువుంటుంది. బ్రోషర్ మీద ‘ఏ ప్లస్’ అని ఉంటే ఏ ఏడాది వరకో అడగమని చెప్పాలి. బరంపురం ఖల్లికోట్, పర్లాకిమిడి ఎస్‌కేసీజీ లాంటి పాత సర్కారీ విద్యాసంస్థలు మన పక్కనే ఉన్నాయి. ఏ బ్రోషర్లోనూ వాటి మాట ఉండదు, వాటికి పీఆర్వోలు లేరు కాబట్టి.

అన్నిటికన్నా ముందు చేరబోయే కాలేజీకి ఒకసారి వెళ్లి చూసి రావాలి. రాయగడ నుంచి పొద్దున్న రైలెక్కితే విశాఖలో దిగవచ్చు. ఆఫీసులో ఏసీ గది చూసి వచ్చేయకూడదు. రెండో ఏడాది పిల్లల్ని క్యాంటీన్ దగ్గర పట్టుకుని, ల్యాబ్ ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో, హాస్టల్లో నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో అడగాలి. ప్లేస్‌మెంట్లు మూడొందలన్నవారిని ఎంతమంది చదివితే మూడొందలో అడగాలి. ఈ ప్రశ్నలు పిల్లలకు నేర్పాల్సింది మాస్టారే. కమిషన్ తీసుకున్నాక ఏ నోటితో నేర్పుతారు?

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కాలేజీ దగ్గరా ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. కాలేజీకే లేని హక్కు ఏజెంటుకు ఎక్కడిది? ఈ ఏడాది చూసీ చూడనట్టు వదిలేస్తే వచ్చే ఏడాదికి ఇదే మామూలైపోతుంది, ఆ పై ఏడాది తొమ్మిదో తరగతికే పాకుతుంది. ప్రిన్సిపాళ్లూ, మీ గేటు దాటి లోపలికొచ్చిన ప్రతి పీఆర్వోకు మీరే జవాబుదారీ. జిల్లా విద్యాధికారులూ, ఫిర్యాదు రాలేదని చేతులు దులుపుకోకండి. మాస్టారి మీద ఫిర్యాదు రాసే ధైర్యం ఆ తండ్రికి లేదు. ఆ అమ్మాయి సర్టిఫికెట్ ఏ బీరువాలో ఉందో మీ కాలేజీల్లో ఎవరికో ఒకరికి తెలుసు. ఈ వారంలోగా తెచ్చి ఆమె చేతిలో పెట్టండి.