ఏఎంఐఈ మెసేజ్ పంపే ముందు చేరిన తేదీ చూడండి

"ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ విశ్వేశ్వరయ్యగారు స్థాపించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. అందులో సభ్యత్వం లేకుండా ఇంజనీరుగా సంతకం పెట్టడం నేరం. డిప్లొమా వాళ్లు ఇప్పుడు చేరి ఏఎంఐఈ పాసైనా బీటెక్‌తో సమానమే, కొత్త సర్క్యులర్ వచ్చింది. లాయర్లకు చట్టం ఉంది, మనకెందుకు లేదు? పదిమందికి పంపండి."

ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. ఏఎంఐఈ అంటే కాలేజీకి వెళ్లకుండా ఆ సంస్థ పెట్టే పరీక్షలు రాసి తెచ్చుకునే ఇంజనీరింగ్ అర్హత. పంపేవాళ్లలో సగంమంది ఇంజనీర్లే కావడం ఇంకా చిరాకు.

విశ్వేశ్వరయ్య సంగతి ముందు తేల్చేద్దాం. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15న ఇంజనీర్స్ డే చేస్తారు, ఖైరతాబాద్‌లో ఆ సంస్థ భవనానికి ఆయన పేరే పెట్టారు. అంతమాత్రాన స్థాపకుడు అయిపోరు. థామస్ హాలండ్ అధ్యక్షతన పనిచేసిన పారిశ్రామిక కమిషన్ సిఫారసుతో ఆ సంస్థ 1920లో మద్రాసులో రిజిస్టరైంది. మరుసటి ఏడు కలకత్తాలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ప్రారంభించాడు. ప్రభుత్వ శాఖ అసలే కాదు, సభ్యులే కౌన్సిల్‌ను ఎన్నుకునే సంఘం.

ఇక అసలు విషం ఏఎంఐఈ వాక్యంలో ఉంది. ఒకప్పుడు అది నిజమే. కాలేజీ మెట్లెక్కే స్తోమత లేని డిప్లొమా వాళ్లు, పగలు సైట్లో పనిచేసి రాత్రి చదివి, సెక్షన్ ఏ, సెక్షన్ బీ అనే రెండు దశలూ గట్టెక్కి ఏఈ, డీఈ స్థాయి ఇంజనీర్లు అయ్యారు. జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి, పరీక్ష వెనక పరీక్ష రాసి మధ్యలో వదిలేసినవాళ్లూ బోలెడుమంది. పాసైనవాళ్లను తక్కువచేసి మాట్లాడితే నేను ఊరుకోను.

కానీ 2013 మే 31 అనే తేదీ ఒకటుంది. అప్పటిలోగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆ సమానత్వం వర్తిస్తుంది. ఎప్పుడు పాసయ్యారన్నది కాదు, ఎప్పుడు చేరారన్నది లెక్క. ఇవాళ ఫీజు కట్టి చేరిన కుర్రాడు నాలుగైదేళ్లు కష్టపడి రెండు సెక్షన్లూ పూర్తిచేస్తాడు. రాతపరీక్షలో ర్యాంకు కూడా తెచ్చుకుంటాడు. సర్టిఫికెట్ల పరిశీలన నాడు టేబుల్ అవతలి క్లర్కు చేరిన తేదీ చూసి కాగితం వెనక్కి తోస్తాడు. అప్పుడు ఈ మెసేజ్ పంపిన అన్నయ్య ఆ క్లర్కుతో మాట్లాడతాడా? "కొత్త సర్క్యులర్" అంటున్నారు కదా, నంబరేది? తేదీ ఏది? సంతకం ఎవరిది? వాట్సాప్ సచివాలయం నుంచి వచ్చే సర్క్యులర్లకు ఇవేవీ ఉండవు కాబోలు. డిప్లొమా చేతిలో ఉన్నవాళ్లకు ఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరే దారి ఉంది. ఆ ముక్క ఒక్కరూ ఫార్వర్డ్ చెయ్యరు.

సంతకం నేరమన్నది ఉత్త బెదిరింపు. 1935లో వచ్చిన రాయల్ చార్టర్‌తో, అంటే బ్రిటిష్ రాజు ఇచ్చిన హక్కుపత్రంతో, తన సభ్యులకు "చార్టర్డ్ ఇంజనీర్" హోదా ఇచ్చే అధికారం ఈ సంస్థకుంది. పాత యంత్రాల విలువ కట్టేటప్పుడు, కొన్ని టెండర్లలో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. అంతేగానీ సభ్యులు కానివాళ్ల పని ఆపే హక్కు దానికి లేదు. ఇంటి ప్లాన్‌పై సంతకానికి కావలసిన లైసెన్సు మునిసిపల్ అధికారులది.

చివరి ప్రశ్న దగ్గర మాత్రం నేను ఆ మెసేజ్ పక్షమే. ఛార్టర్డ్ అకౌంటెంట్లకు 1949లో, లాయర్లకు 1961లో, ఆర్కిటెక్టులకు 1972లో చట్టాలొచ్చాయి. కోర్టులో అబద్ధమాడిన లాయరు సనదు, అంటే ప్రాక్టీసు లైసెన్సు, రద్దు చేయడానికి బార్ కౌన్సిల్ ఉంది. కొలతలు చూడకుండా స్లాబు డ్రాయింగ్ మీద సంతకం గీకిన ఇంజనీరును ఈ సంస్థ మహా అయితే సభ్యత్వం నుంచి తీసేస్తుంది. అసలు సభ్యుడే కాకపోతే అదీ లేదు. ఇంజనీర్ల బిల్లు ముసాయిదాలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. దానిమీద రాసి పంపండి, నేనూ పదిమందికి పంపుతాను.