8.9 మార్కులకు కడుపు పండదు

కాగితం మీద మూడు పిండాల ఫొటోలు. ఒక్కోదాని కింద ఒక అంకె: 8.9, 7.2, 5.6. కంప్యూటర్ వేసిన మార్కులట. "ఇది ఏఐ ఎంపిక చేసిన పిండమమ్మా, ఇక దిగులు పడకండి" అని కౌన్సెలింగ్ గదిలోని అమ్మాయి 8.9 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. ఆ పిండాన్నే నా గర్భాశయంలో పెట్టారు. రెండు వారాలు తిరగకముందే, గర్భం నిలిచిందో లేదో చూసే రక్తపరీక్షలో నెగెటివ్ వచ్చింది.

అంతకుముందు రెండుసార్లు ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసి గర్భాశయంలో పెట్టే చికిత్స) విఫలమైనప్పుడు, పిండం సరిగా ఎదగలేదేమో అనుకుని ఏడ్చి ఊరుకున్నాను. ఈసారి పిండం మొదటి శ్రేణిలో పాసయింది. మరి ఫెయిలయింది ఎవరు? నేనే అనిపించింది. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆ కాగితమే అంది. నెలల తరబడి అంటూనే ఉంది.

అందుకే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుబట్టి తెలుసుకున్నాను. పిండాలకు గ్రేడ్లు ఇవ్వడం కొత్తేమీ కాదు. ఐదో రోజు పిండాన్ని (దాన్ని బ్లాస్టోసిస్ట్ అంటారు) సూక్ష్మదర్శినిలో చూసి ఎంబ్రియాలజిస్టులు, అంటే ల్యాబ్‌లో పిండాలను చూసుకునే నిపుణులు, ఏళ్లుగా చేస్తున్న పనే. ఒకే పిండాన్ని ఇద్దరు చూస్తే రెండు గ్రేడ్లు రావచ్చు. ఇప్పుడు పిండాలను పెంచే పెట్టె, ఇంక్యుబేటర్‌లోనే కెమెరా ఉంటుంది, కొన్ని నిమిషాలకొక ఫొటో తీస్తుంది. పాత పిండాల్లో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చూపించి శిక్షణ ఇచ్చిన ప్రోగ్రామ్ ఆ ఫొటోలను చూసి మార్కులు వేస్తుంది. అది క్రోమోజోములను లెక్కపెట్టదు. ఆ నెల నా గర్భాశయం ఎలా ఉందో దానికి తెలియదు. ఉన్న పిండాలను వరుసలో నిలబెడుతుందే తప్ప, లేని బలాన్ని వాటికి తెచ్చిపెట్టదు.

పోనీ, ఆ వరుసైనా మనిషి వేసే వరుస కన్నా మేలా? 2024లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. 14 కేంద్రాల్లో 1,066 మందిపై జరిగింది. ఏఐ ఎంచిన పిండాలతో 46.5 శాతం మందికి గర్భం నిలిస్తే, ఎంబ్రియాలజిస్టులు ఎంచినవాటితో 48.2 శాతం మందికి నిలిచింది. ఏఐ మనిషికి తీసిపోదని చూపడమే ఆ పరీక్ష ఉద్దేశం. అది కూడా రుజువు కాలేదు. యంత్రం గెలిచింది వేగంలో: మనిషికి మూడు నిమిషాలకు పైగా పట్టిన పనిని 20 సెకన్లకు కాస్త అటుగా ముగించింది. ల్యాబ్‌లో పనిచేసేవారికి అది నిజంగా మేలే. కానీ నాకు అమ్మింది వేగాన్ని కాదు, ధైర్యాన్ని.

ఏఐ మీద నాకు పగ లేదు. వీర్యంలో కణాలే కనిపించని ఒకరి నమూనాలో, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వారి స్టార్ అనే ఏఐ పద్ధతి 25 లక్షల ఫొటోలను జల్లెడ పట్టి రెండు కదిలే కణాలను పట్టుకుంది. దాదాపు 19 ఏళ్లుగా ఎదురుచూసిన ఆ దంపతులకు గర్భం నిలిచిందని 2025లో చదివి నేను కళ్లు తుడుచుకున్నాను. ఒక్క జంట కథే కావచ్చు. కానీ మనిషి కన్ను అలసిపోయే చోట యంత్రాన్ని పెట్టడమంటే అది.

డాక్టర్లను నేను అడిగేది ఒక్కటే. ఏఐ వాడండి. కానీ మార్కుల కాగితం చేతిలో పెట్టే ముందు, అదే మార్కు వచ్చిన పిండాల్లో మీ దగ్గర ఎన్ని బిడ్డలయ్యాయో చెప్పండి. గర్భం నిలవడం వేరు, బిడ్డ ఒడిలోకి రావడం వేరు. ఎంత మంచి పిండమైనా నిలవకపోవచ్చని, అందులో తల్లి తప్పు లేదని ముందే చెప్పండి. తరువాత చెబితే అది ఓదార్పులా వినిపిస్తుంది, నమ్మబుద్ధి కాదు.

నా పిండాలు ఇంకా రెండు ద్రవ నత్రజనిలో ఉన్నాయి. వచ్చే నెల ఒకటి పెడతారు. ఏది ముందు పెట్టాలో మీరే చూసుకోండి, అంకె మాత్రం నాకు చూపించవద్దని చెప్పి వచ్చాను.