పిన్నును అతికించకండి, కుట్టండి

మిగిలిపోయిన గుడ్డముక్కలతో పూల బ్రోచ్‌లు (బట్టకి పిన్నుతో పెట్టుకునే పువ్వులు) చేసే పద్ధతి ఒక పోస్టులో చదివాను, చక్కగా చెప్పారు. కానీ పిన్నును వెనక సరిగ్గా మధ్యలో గ్లూతో అతికించమన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. నా మొదటి బ్రోచ్ అలాగే చేశాను. రెండోసారి పెట్టుకున్నరోజే పువ్వు ఎక్కడో రాలిపోయింది, పిన్ను మాత్రం బట్టకి అలాగే ఉంది!

ఇప్పుడు ముందు ఫెల్టు (మందపాటి మెత్తని గుడ్డ) ముక్క మీద పిన్నును దారంతో గట్టిగా కుట్టి, ఆ ఫెల్టును పువ్వు వెనక అంచు చుట్టూ కుట్టేస్తున్నాను. అదీ మధ్యలో కాదు, కాస్త పైకి. మధ్యలో ఉంటే పువ్వు బరువుకి ముందుకి వాలి తల వేలాడేస్తుంది.

ఇంకోటి. గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి, చుట్టూ కుట్టు వేసి దారం లాగే పువ్వుకి కుట్లు ఎంత చిన్నవైతే అంత నీటు అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని నాలుగైదు పాడుచేశాను. కుట్లు మరీ చిన్నవైతే కుచ్చులు ఎక్కువై మధ్యలో రంధ్రం నోరు తెరుచుకునే ఉంటుంది. కాస్త పొడుగ్గా వేస్తే ముడుచుకుని మూసుకుంటుంది. దారం రెండు పేటలు తీసుకోండి, లాగేటప్పుడు తెగితే మళ్లీ మొదటికే. 8 సెంటీమీటర్ల ముక్కకి పువ్వు 4 సెంటీమీటర్ల లోపే వస్తుంది, అది చూసుకుని కత్తిరించండి.

పోగులు ఊడకుండా గుడ్డ అంచులు కొవ్వొత్తి మంటకి చూపించడం పాలిస్టర్ శాటిన్‌కే. నూలుగుడ్డ కరగదు, మంట అంటుకుంటుంది.