బొంకు కాదు, బొంక్

మా బావగారికి మనుషుల పేర్లు గుర్తుండవు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో మా వైపు చుట్టాలను ఒక్కరినైనా సరైన పేరుతో పిలిచిన పాపాన పోలేదు. పక్షుల విషయం వేరు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగాయంటే చాలు, ఆయన కాపురం గట్టు మీదికి మారిపోతుంది. మా అక్క కాఫీ ఫ్లాస్కు అక్కడికే పంపిస్తుంది.

అంతటి మనిషి మొన్న వేసవిలో వార్సాలో ఉన్న నన్ను చూడటానికి వచ్చారు. నన్ను చూడటానికి కాదని విమానాశ్రయంలోనే తేలిపోయింది. కుశల ప్రశ్నలు లేవు, అక్క పంపిన ఆవకాయ ప్రస్తావన లేదు. "ఇక్కడికి బ్యెబ్జా ఎంత దూరమయ్యా?" అన్నారు.

నాలుగేళ్లుగా ఆ దేశంలో ఉంటున్నా నేనెరిగిన పోలండ్ అంతా ఇల్లు, ట్రాము, ఆఫీసు. బ్యెబ్జా అంటే ఏదో మిఠాయి కాబోలనుకున్నాను. అది ఈశాన్యాన పారే నది. దాని చుట్టూ ఉన్న చిత్తడి నేలలను 1993లో జాతీయ పార్కు చేశారు. 592 చదరపు కిలోమీటర్లు, ఆ దేశంలో అంతకన్నా పెద్ద పార్కు లేదు. వసంతంలో మంచు కరిగి నది పొంగితే ఆ పచ్చికబయళ్లన్నీ సముద్రమైపోతాయి, లోకంలో ఉన్న నీటిపక్షులన్నీ అక్కడే దిగుతాయి. ఇదంతా గుంటూరు నుంచి వచ్చినాయన వార్సాలో ఉండే నాకు చెప్పారు.

అసలు ఆయన వచ్చింది ఒక పక్షి కోసం. పోలిష్‌లో దాని పేరు బటాలియన్, ఆ పార్కు చిహ్నం కూడా అదే. శీతాకాలంలో మన దేశపు చెరువులకూ వస్తుందట. "వస్తే ఏం లాభమయ్యా! మన దగ్గరికి వచ్చేటప్పటికి నగలన్నీ తీసి బీరువాలో పెట్టి, పాతచీర కట్టుకుని వచ్చినట్టుంటుంది. దాని పెళ్లివేషం ఈ దేశంలో చూడాలి" అన్నారు. మగపక్షులు మెడచుట్టూ ఈకల పట్టీ విప్పుకుని, ఆడపక్షుల ముందు కోడిపందెం వేసుకుంటాయని రైలులో చేతులతో అభినయించి చూపించారు. ఎదురు సీటులోని పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు.

మే 1న, 3న అక్కడ సెలవులు. మధ్యలో ఒక రోజు నేను సెలవు పెట్టి, గొన్యొంత్స్ అనే ఊళ్లో గది తీసుకున్నాను. జనాభా రెండు వేలకు లోపు. నది పక్కన మెరక మీద ఒక చర్చి, నాలుగు వీధులు, స్తంభాల మీద తెల్ల కొంగల గూళ్లు. ఆ కొంగలకు గొంతు లేదు పాపం, ముక్కులు టకటకలాడించి మాట్లాడుకుంటాయి. మూడు రోజులు గడిచాక నేనూ అలాగే బతికి ఉంటే బాగుండేదనిపించింది.

ఊరి పేరు పలకడం వారం రోజులు సాధన చేసి వెళ్లాను. తీరా టికెట్ల కిటికీ దగ్గర నోరు తెరిస్తే తుమ్ము వచ్చిందనుకుని ఆవిడ రుమాలు ఇచ్చింది. దారిలో బియావిస్తోక్‌లో రైలు మారాలి. ఒకరి భాష ఒకరికి అర్థంకాక జనం కొట్టుకుంటున్నారని బాధపడి, అందరికీ కలిపి ఒక భాష కావాలని 1887లో ఎస్పెరాంతోను లోకానికిచ్చిన జామెన్‌హోఫ్ పుట్టింది ఆ ఊళ్లోనే. అప్పుడు ఇదేం పిచ్చి అనుకున్నాను. ఆ మహానుభావుడికి ఇప్పుడు చేతులెత్తి దండం పెడుతున్నాను.

మాకు గది ఇచ్చిన ఇంటావిడ అరవై దాటిన మనిషి. ఆవిడకు పోలిష్ తప్ప మరో భాష రాదు. నా పోలిష్ ట్రాము టికెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. బావగారు శాకాహారి అని ఎలాగో చెప్పగలిగాను. ఆవిడ ఎండు బఠానీలతో మాంసం లేకుండా ఒక సూపు కాచింది. గ్రొహూఫ్కా అంటారట. చిక్కగా, మన ముద్దపప్పును కొంచెం పలుచన చేసినట్టు ఉంది. ఇంటి బెంగ మీద ఉన్నానేమో, మూడు గిన్నెలు తాగాను. ఆ మూడు గిన్నెలే నా కొంప ముంచాయి.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. బావగారి గురక మామూలుగానే సాగుతోంది. దాని సందుల్లోంచి ఇంకేదో వినబడుతోంది. ఖాళీ సీసా మూతికి పెదవి ఆనించి ఊదితే వచ్చేలాంటి శబ్దం. ఊఁ...ప్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఊఁ...ప్. నదివైపు నుంచి వస్తోంది. కిటికీ తీసి విన్నాను. ఒళ్లు జలదరించింది.

ఇలా కూసే ఇంకో పక్షి గురించి కూడా బావగారు రైలులో చెప్పారు. కొంగల కుటుంబమే, గోధుమరంగు మీద చారలు. ఎవరైనా వస్తే ముక్కు ఆకాశానికెత్తి రెల్లుదుబ్బులో రెల్లులా నిలబడిపోతుంది, గాలి వీస్తే దుబ్బుతోపాటు తానూ ఊగుతుంది. కళ్ల ముందున్నా కనబడదు. మగపక్షి మాత్రం గొంతునిండా గాలి పట్టి కూసిందంటే కిలోమీటర్ల దూరం వినబడుతుంది. "నలభై ఏళ్లుగా పక్షులు చూస్తున్నాను, దాని కూత ఒక్కసారైనా వినలేదయ్యా" అని నిట్టూర్చారు కూడా.

అందుకని ఆయన్ను కుదిపి లేపాను. "రేపు ఇస్తానని చెప్పు" అని అటు తిరిగి పడుకున్నారు. ఎవరికి ఏమి ఇవ్వాలో ఇప్పటికీ తెలియదు.

పొద్దున చెబితే నమ్మారా? "బొంకరా బొంకరా పోలిగా అంటే టంగుటూరి మిరియాలు తాటికాయలంత అన్నాడట. పిచ్చుకకూ కాకికీ తేడా తెలియని నీకు అది వినబడి, పక్కనే ఉన్న నాకు వినబడలేదా? పోలండ్‌లో ఉంటే నువ్వూ పోలిగాడివైపోయావే!"

రోషం వచ్చింది. స్థానికులచేత సాక్ష్యం చెప్పిద్దామని ఫోనులో ఆ పక్షి పోలిష్ పేరు వెతికాను. బొంక్! నేను చెప్పేది బొంకు కాదు బొంక్ అని రుజువు చేసే అవకాశం దేవుడే ఇచ్చాడనుకుని వంటగదిలోకి వెళ్లాను.

ఇంటావిడ రొట్టె కోస్తోంది. "రాత్రి బొంక్" అన్నాను పోలిష్‌లో. "బార్జో గ్వొష్నో." అంటే చాలా గట్టిగా అని. చాకు రొట్టె సగంలో ఆగిపోయింది.

అర్థం కాలేదేమోనని అభినయానికి దిగాను. బుగ్గలు పూరించి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి, ఊఁ...ప్ అన్నాను. ఒకసారి కాదు, తెల్లవార్లూ అని పది వేళ్లూ రెండుసార్లు చూపించాను. బావగారివైపు చెయ్యి చూపి, ఈయన నిద్రపోయాడు, ఈయనకు తెలియదు అన్నాను. ఆవిడ ముఖం జేవురించింది. చాకు పక్కన పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, తప్పు తనదే అన్నట్టు మెల్లగా "గ్రొహూఫ్కా" అంది.

రాత్రి సూపు ఎలా ఉందని అడుగుతోంది కాబోలు! "బార్జో దొబ్రా!" అని మెచ్చుకుని, మూడు గిన్నెలు అని గర్వంగా మూడు వేళ్లు చూపించాను.

ఆవిడ గబగబా పొయ్యి మీద నీళ్లు పెట్టింది. "మ్యెంతా" అంది. మెంతులనుకున్నాను. మన ఇళ్లలోనూ మెంతులు వాడేది దేనికో అప్పుడైనా బుర్రకు తట్టి ఉండాల్సింది. గ్లాసులో చూస్తే ఎండు పుదీనా. ఆ పక్షి కూత విన్నవారికి పుదీనా నీళ్లివ్వడం ఊరి ఆచారమేమోనని భక్తిగా తాగాను.

ఆవిడ భర్త అరువిచ్చిన రబ్బరు బూట్లు నాకు రెండు సైజులు పెద్దవి. అరగంట నడిచేసరికి మడమ బొబ్బలెక్కింది. అంటించుకునే పట్టీ కొందామని మందుల దుకాణానికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే లోపలి అమ్మాయి నల్లటి బొగ్గుబిళ్లల డబ్బా బల్ల మీద పెట్టింది. వాటిని ఎందుకు వేసుకుంటారో ప్రపంచమంతా తెలుసు. నేను కాలు చూపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, జాలిగా పొట్ట చూపించింది. రెండు వేలమంది లేని ఊళ్లో కబురు పాకడానికి ఎంతసేపు!

సంగతి బయటపడింది మధ్యాహ్నం. వరదనీటి ఒడ్డున టెలిస్కోపు పెట్టుకున్న కుర్రవాడొకడు కనబడ్డాడు. ఇంగ్లీషు వచ్చు. నా గోడు విని కాసేపు నీళ్లవైపు చూశాడు. పెదవులు బిగబట్టాడు. "బొంక్ అంటే మీరు విన్న పక్షే. గొడ్ల మీద వాలే జోరీగ కూడా బొంకే. పిల్లలాడే బొంగరమూ బొంకే." ఆగాడు. "ఇంకొకటి కూడా ఉంది. అది పొట్టలోంచి వస్తుంది."

బావగారు రబ్బరు బూట్లతో సహా గట్టు మీద కూలబడి నవ్వారు. పక్కనున్న బాతులు లేచిపోయాయి. ఒక పక్షిప్రేమికుడు చేయకూడని పని అది, ఆయనకే తెలుసు, అయినా ఆపుకోలేకపోయారు.

ఆ నవ్వు దానంతటదే ఆగింది. కుర్రవాడు టెలిస్కోపు తిప్పి చూడమన్నాడు. నేనూ చూశాను. ఎండుగడ్డి దిబ్బ మీద ఏడెనిమిది పక్షులు. ఒకదాని మెడపట్టీ తెలుపు, ఒకదానిది నలుపు, ఒకదానిది ఇటుకరంగు. పట్టీ విప్పార్చి ఎగిరి, దిగి, ముక్కు నేలకానించి కదలకుండా నిలబడిపోతున్నాయి. పెళ్లిపందిట్లో ఫొటో కోసం వంగి, ఎంతకూ తీయడేమని అలాగే ఉండిపోయిన పెద్దమనుషుల్లా ఉన్నాయి. బావగారు అరగంట మాట్లాడలేదు. తరువాత కళ్లజోడు తుడుచుకుని "గాలి ఎక్కువగా ఉందయ్యా" అన్నారు. ఆకు కదలడం లేదు.

సాయంత్రం ఇంటావిడకు నిజం చెప్పి పరువు నిలబెట్టుకుందామనుకున్నాను. పక్షిని ప్తాక్ అంటారని నేర్చుకుని వెళ్లాను. "బొంక్, ప్తాక్!" అని రెండు చేతులూ రెక్కల్లా కొట్టి, ఎగిరిపోతున్నట్టు చూపించాను. ఆవిడ క్షణం ఆలోచించింది. వెళ్లి కిటికీ తెరిచింది.

ఆ పూట బావగారికి బంగాళదుంప ముద్దలు, పుట్టగొడుగుల వేపుడు. నాకు ఉడికించిన క్యారెట్టు, ఉప్పులేని అన్నం. "పథ్యం తినవయ్యా, తగ్గిపోతుంది" అని బావగారు పుట్టగొడుగులు నములుతూ ఓదార్చారు.

చివరి రాత్రి ఆయన పడుకోలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, లుంగీ మీద నా చలికోటు తొడుక్కుని కూర్చున్నారు. నేను ఒళ్లెరగకుండా నిద్రపోయాను. ఏ జామునో గావుకేక వినబడి లేచాను. కుర్చీ ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది. చలిలో, పెరడు మధ్య, ఆ లుంగీతో, రెండు చేతులూ ఆకాశానికెత్తి నలభై ఏళ్ల కోరిక తీరిన మనిషి గంతులేస్తున్నారు.

"బొంక్! బావమరిదీ, బొంక్! బార్జో గ్వొష్నో!"

స్తంభం మీది కొంగలు టకటకలాడాయి. కింది గదిలో దీపం వెలిగింది. వంటింట్లో గిన్నె చప్పుడు వినబడింది.

పొద్దున దిగి వెళ్లేసరికి బల్ల మీద రెండు గ్లాసుల పుదీనా నీళ్లు పొగలు కక్కుతున్నాయి.