మొహం చూడగానే చెప్పేస్తా!

(రాత్రి తొమ్మిదిన్నర. బల్ల మీద, తమ వ్యాపారంలో బిల్లింగు ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తుల కట్ట. ఆయన ఒక్కో కాగితాన్నీ దీపానికి అడ్డంగా పెట్టి చూస్తున్నాడు. ఆవిడ నోటుపుస్తకంలో స్కేలు పెట్టి గళ్లు గీస్తోంది.)

ఆవిడ: ఏవిటండీ, దొంగనోటు చూసినట్టు చూస్తున్నారు?

ఆయన: సంతకం చూస్తున్నా. చివరి గీత పైకి పోతే మనిషి పైకొస్తాడు. కిందికి పోయిందా, పక్కన పెట్టెయ్యడమే.

ఆవిడ: పోయినసారి కుర్రాడి సంతకం రాకెట్టులా ఉందని మురిసిపోయారు. రెండో నెలలో కుర్రాడే ఎగిరిపోయాడు.

ఆయన: అది వాడి గ్రహచారం. నాకు మాత్రం మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. మొహం చూడగానే చెప్పేస్తా!

ఆవిడ: అలా చెప్పే ముగ్గుర్ని తీసుకున్నారు. ఒకడు రెండు నెలలున్నాడు. ఒకావిడ ఆరు వారాలు. మూడోవాడు మధ్యాహ్నం దాకా.

ఆయన: వాడు బండి తాళం మర్చిపోయానని వెళ్లాడు. వస్తాడేమో.

ఆవిడ: పదకొండు నెలలైంది.

ఆయన: ...

ఆవిడ: ఈ సంతకాల గోల ఎప్పుడో తేలిపోయింది. ష్మిట్, హంటర్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలు పోగేసి, ఏ పద్ధతిలో ఎంచుకున్నవాళ్లు తర్వాత బాగా పనిచేశారో 1998లో లెక్క కట్టారు. సున్నా వచ్చిందంటే ఏ సంబంధమూ లేదని, ఒకటి వస్తే అచ్చు గుద్దినట్టు కుదిరిందని. చేతిరాతకి 0.02 వచ్చింది.

ఆయన: సున్నా అయితే కాదుగా!

ఆవిడ: ఆ లెక్కల్నే 2022లో సాకెట్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త బృందం మళ్లీ సరిచూసింది. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకి 0.19. అందరికీ అవే ప్రశ్నలు వేసి, ముందే రాసుకున్న కొలతతో మార్కులేసే ఇంటర్వ్యూకి 0.42. 'ఎన్నేళ్ల అనుభవం' అన్నదానికి 0.07.

ఆయన: అంటే నా ఇరవయ్యేళ్ల అనుభవం...

ఆవిడ: నేనేమీ అనలేదు. వాళ్లన్నారు. అది సరే, ముందు మీరు రాసిన ప్రకటన చదవండి.

ఆయన: (గొంతు సవరించుకుని) "కావలెను. చురుకైన, నిజాయితీ గల, కష్టపడే, కలుపుగోలు, ఒత్తిడిని తట్టుకునే, అన్ని పనులూ తెలిసిన వ్యక్తి. జీతం అర్హతను బట్టి."

ఆవిడ: ఇది ప్రకటనా, దేవుణ్ణి వరం అడగడమా? ఏ బద్ధకస్తుడైనా ఇది చదివి 'అబ్బే, నాకు కాదు' అనుకుంటాడా? 'నా గురించే రాశారు' అనుకుంటాడు.

ఆయన: మరి నువ్వేం రాశావో?

ఆవిడ: రాయడానికి ముందు రెండు వారాలు చూశాను. ఖాళీ అయిన కుర్చీ పని ఇప్పుడు ఎవరెవరు చేస్తున్నారు, దేనికెంతసేపు పడుతోంది, అన్నీ రాసుకున్నాను. బిల్లులు, ఫోను ఆర్డర్లు, సరుకు దిగినప్పుడు చలానాతో సరిచూడడం, బాకీలు గుర్తు చేయడం, నెలాఖరు స్టాకు. తర్వాత రెండు గళ్లు గీశాను. ఒకటి వచ్చిన రోజే తెలిసి ఉండాల్సినవి, రెండోది మనం నేర్పగలిగినవి. మొదటి గడిలో చివరికి మూడే మిగిలాయి. లెక్కలో తప్పు పట్టగలగడం, ఫోనులో విన్నది విన్నట్టు రాసుకోగలగడం, చెప్పిన వేళకి రావడం.

ఆయన: బిల్లింగు సాఫ్ట్‌వేర్ ఏది? అది రానివాడు మనకెందుకు?

ఆవిడ: రెండో గడిలో ఉంది. సాఫ్ట్‌వేర్ నాలుగు రోజుల్లో నేర్పొచ్చు. జాగ్రత్త నాలుగేళ్లయినా నేర్పలేం. మీకు నేర్పలేకపోయాను.

ఆయన: ఇంతకీ ప్రకటనలో జీతం ఎందుకు వేశావు? బేరం పోయింది కదా.

ఆవిడ: ఇంత నుంచి ఇంత అని వేశాను. వెయ్యకపోతే ఫోన్లు, ఇంటర్వ్యూలు అన్నీ అయ్యాక చివరి రోజున 'అంతేనా?' అంటారు. మూడు వారాలు నీళ్లపాలు. పని వేళలు, వారపు సెలవు, నెలాఖరున స్టాకు లెక్కకి రాత్రి ఎనిమిదింటి దాకా ఉండాలన్న సంగతీ వేశాను.

ఆయన: కష్టం సంగతి ముందే చెబితే ఎవడొస్తాడే?

ఆవిడ: తెలిసి వచ్చేవాడొస్తాడు. తెలియక వచ్చినవాడు బండి తాళం మర్చిపోతాడు.

ఆయన: ఆ సంగతి వదలవా ఇక?

ఆవిడ: చివర ఇంకో ముక్క పెట్టాను. 'లెక్క కుదరనప్పుడు తేడా ఎక్కడుందో ఎలా వెతుకుతారు? ఐదు లైన్లలో రాసి పంపండి.' 42 దరఖాస్తులొస్తే 11 మందే రాశారు. అరిగిపోయిన ఒకే దరఖాస్తుని ఊరంతా పంచేవాళ్లు ఆ జల్లెడలోనే ఆగిపోయారు. ఇదిగో, ఈ అమ్మాయి రాసింది వినండి. 'తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతే, ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూస్తాను.'

ఆయన: తొమ్మిదేమిటి, జాతకమా?

ఆవిడ: లెక్కండీ. 42 అనబోయి 24 రాశారనుకోండి, తేడా 18. 63కి 36 పడితే 27. పక్కపక్క అంకెలు అటూఇటూ అయితే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది. ఈ కిటుకు చేసినవాళ్లకే తెలుస్తుంది. ఏదీ, ఈ కాగితం మీ పక్కన పెట్టిన కట్టలో ఎందుకుంది?

ఆయన: సంతకం కిందికి పోయింది మరి.

ఆవిడ: ఇలా ఇవ్వండి! (లాక్కుంటుంది)

ఆయన: అది పక్కన పెట్టు. మీ తమ్ముడి కొడుకు కూడా దరఖాస్తు పెట్టాడు, చూశావా? నీ గళ్లు, నీ కొలతలు వాడికీ ఉన్నాయా, లేక వాడికి వెనక గుమ్మమా?

ఆవిడ: వాడికీ అవే. ఇంకోటి ఎక్కువ కూడా. చుట్టాన్ని తీసుకునే ముందు మనల్ని మనం అడగాల్సింది ఒకటే. వీణ్ణి తీసెయ్యాల్సి వస్తే తీసెయ్యగలమా?

ఆయన: మీ తమ్ముడు నన్ను బతకనిస్తాడా?

ఆవిడ: అయితే జవాబు దొరికిందిగా. వద్దు.

ఆయన: (నిరాశగా) నేను ఇంకా పోట్లాడదామనుకున్నాను.

ఆవిడ: మన స్టోరు కుర్రాణ్ణి మంచివాళ్లెవరైనా ఉంటే చెప్పమన్నాను. లోపలివాళ్లు చెప్పినవాళ్లకి ఇక్కడి సంగతి కాస్త తెలిసి ఉంటుంది, అది లాభం. కానీ నలుగుర్నీ ఒక్కడి జట్టులోంచే తీసుకుంటే, వాడు అలిగిన రోజున నలుగురూ కలిసి పోతారు. అందుకని వాళ్లకీ ఇదే వరస. ముందు ఫోను మీద పది నిమిషాలు, ఆ తర్వాత నాలుగు రౌండ్లు...

ఆయన: ఆగాగు. నాలుగా? ఉన్న ఉద్యోగానికి నాలుగు సెలవులు పెట్టి వస్తాడా మన దగ్గరికి? పనికొచ్చేవాడు రెండో రౌండుకే ఇంకోచోట చేరిపోతాడు. చివరి దాకా మిగిలేది ఎవరికీ అక్కర్లేనివాడు.

ఆవిడ: (పెన్ను ఆపి) ... అది నిజమే.

ఆయన: ఏమిటీ? మళ్లీ అను.

ఆవిడ: రెండు కొట్టేస్తున్నాను. ఫోను ఒకటి, ఒకే పూటలో పరీక్ష, ఇంటర్వ్యూ. ఫోనులో నాలుగే అడగాలి. ఈ వేళలు కుదురుతాయా, ఈ జీతం సరేనా, ఎప్పుడు చేరగలరు, రోజూ రావడం ఎలా. ఈ నాలుగింట్లో ఒకటి తేడా వస్తే మర్యాదగా చెప్పేసి పెట్టేయడమే. ముచ్చట్లు వద్దు. ఇక ఇంటర్వ్యూ. మీరు మామూలుగా ఏం అడుగుతారు?

ఆయన: 'మీ గురించి చెప్పండి.' తర్వాత నేను వ్యాపారం ఎలా మొదలుపెట్టానో చెప్తాను.

ఆవిడ: ఎంతసేపు?

ఆయన: అరగంట... ముప్పావుగంట.

ఆవిడ: అతనెంతసేపు మాట్లాడతాడు?

ఆయన: మధ్యమధ్యలో 'అవును సార్' అంటాడు. బాగా అన్నవాణ్ణి తీసుకుంటాను.

ఆవిడ: నాకు తెలుసు. తర్వాత?

ఆయన: తెలివి చూడ్డానికి ఒక జనరల్ నాలెడ్జి ప్రశ్న. ధ్వని వేగమెంత?

ఆవిడ: ఎడిసన్ కూడా ఇదే పని చేశాడు. 150 దాకా ప్రశ్నలతో పరీక్ష పెడితే, 1921లో అవి పత్రికలకెక్కాయి. ఆ ఏడాది అమెరికా వెళ్లిన ఐన్‌స్టీన్‌ని ఎవరో ఈ ధ్వని వేగమే అడిగితే, 'పుస్తకాల్లో ఉండేది బుర్రలో మోసుకు తిరగను' అన్నాడు.

ఆయన: అంటే ఐన్‌స్టీన్ మన దగ్గరికొస్తే తీసుకోనంటావా?

ఆవిడ: బిల్లింగుకా? ఆయనకీ పరీక్ష పెట్టాల్సిందే. వినండి, ప్రశ్నలు ఆరు రాశాను. అందరికీ అవే, అదే వరసలో. 'మీరైతే ఏం చేస్తారు' అని అడిగితే ఎవరైనా కోటలు కట్టేస్తారు. 'ఆఖరిసారి అలా జరిగినప్పుడు ఏం చేశారు' అని అడగాలి. ఉదాహరణకి, 'కొన్నాయన ఫోనులో కేకలేసిన రోజు ఒకటి చెప్పండి. ఏం జరిగింది, మీరేమన్నారు, చివరికేమైంది?' అడిగి నోరు మూసుకోవాలి. మీరు కాదండీ, ఎవరైనా సరే. లోపల ఏడు దాకా లెక్కపెట్టాలి.

ఆయన: ఏడా! గదిలో అంత నిశ్శబ్దమైతే ఎవరో పోయినట్టుంటుంది.

ఆవిడ: మనకి ఇబ్బందిగా ఉందని మనమే జవాబు అందించేస్తాం. 'అప్పుడు ఓపిగ్గా సర్దిచెప్పి ఉంటావు కదూ?' అనేస్తాం. అతను 'అవును సార్' అంటాడు. ఇక మార్కులు. ఒకటి నుంచి ఐదు. ఐదు దేనికో, మూడు దేనికో ముందే రాసి పెట్టాను. ఈ కేకల ప్రశ్నకి, జరిగింది వివరంగా చెప్పి, తన తప్పెంతో కూడా చెబితే ఐదు. సంగతి చెప్పి, తప్పంతా కొన్నాయన మీద తోస్తే మూడు. 'నాతో ఎప్పుడూ ఎవరూ అరవలేదండీ' అంటే ఒకటి.

ఆయన: వేస్తే వేశాం. బయటికెళ్లాక ఇద్దరం మాట్లాడుకుని...

ఆవిడ: ఇక్కడే చెడుతుంది! మాట్లాడుకోకముందే ఎవరి కాగితం వాళ్లు నింపాలి. మీరు 'కుర్రాడు బంగారం' అన్నాక నా మూడు కూడా నాలుగైపోతుంది. ఒక్క గుణం నచ్చితే మిగతావన్నీ బాగున్నట్టే కనపడడం కొత్త జబ్బు కాదు. థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే సైన్యాధికారులు వేసిన మార్కుల్లో పట్టుకున్నాడు. రూపం బాగున్నవాడికి తెలివిలోనూ, నాయకత్వంలోనూ మార్కులు పడిపోయాయి.

ఆయన: పెళ్లయిందా, పిల్లలా, ఏ ఊరు, ఎవరివాళ్లు, అదైనా అడగొచ్చా?

ఆవిడ: వద్దు. చాలా దేశాల్లో అది చట్టం దాకా పోతుంది. పోకపోయినా దాంతో బిల్లుకేం పని? మీకు కావాల్సింది తొమ్మిదింటికి రావడం. 'తొమ్మిదింటికి రాగలరా' అని ఆడా మగా అందర్నీ ఒకేలా అడగండి.

ఆయన: సరే, పాత యజమానికి ఫోను నేను చేస్తాను. అక్కడైనా మాట్లాడనీ.

ఆవిడ: చేయండి. కానీ దరఖాస్తులో రాసిన స్నేహితుడికి కాదు, పైన ఉండి పని చేయించినవాళ్లకి. ఇప్పుడు పనిచేస్తున్నచోటికైతే అభ్యర్థి సరేనంటేనే. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏం పని, ఆఖర్న 'మళ్లీ వస్తే తీసుకుంటారా?' ఆ చివరి దానికి వెంటనే 'ఓ!' అంటే ఒక లెక్క. 'అంటే... మంచి కుర్రాడేనండీ' అని సాగదీస్తే ఇంకో లెక్క.

ఆయన: నచ్చితే?

ఆవిడ: రెండ్రోజుల్లో చెప్పెయ్యాలి. కాగితం మీద జీతం, వేళలు, సెలవులు, పరిశీలన కాలం, మానెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అన్నీ రాసి. ఆమె వచ్చి కుర్చీలో కూర్చునే దాకా రెండోవాళ్లకి 'లేదు' అనొద్దు. రాజీనామా ఇవ్వగానే పాత చోట జీతం పెంచి ఆపేసుకోవడం మామూలే.

ఆయన: ఆమె అంటున్నావ్. అప్పుడే తేల్చేశావన్నమాట! మొహం చూడకుండానే!

ఆవిడ: (నాలిక కరుచుకుని) ... నాకూ ఆ తొమ్మిది అంటుకుంది. అందుకే ముందు పరీక్ష. ఇదిగో, పాత బిల్లొకటి తీసి నకలు రాశాను, అందులో ఐదు తప్పులు పెట్టాను. పక్కన ఆర్డరు కాగితం. ఇరవై నిమిషాలు.

ఆయన: ఇంటికి పంపితే సరి.

ఆవిడ: ఇంట్లో వాళ్లక్క చేసిపెడుతుంది. మన ఎదురుగానే చెయ్యాలి. ఇరవై నిమిషాలే కాబట్టి ఊరికే చేయించొచ్చు. పూటంతా కూర్చోబెడితే మాత్రం డబ్బిచ్చి తీరాలి, అదీ మన నిజం పని వాళ్ల చేత ఉచితంగా లాగించుకోవడం కాకూడదు. ఏదీ, మీరు చేయండి. ప్రశ్నపత్రం సరిగ్గా ఉందో లేదో ముందు ఒకరి మీద చూడాలి.

ఆయన: ఇరవై ఎందుకు, పది చాలు. (పెన్ను తీసి) 31వ తేదీ... ఈ నెలకి ముప్పయ్యే. ఒకటి! ఆర్డరులో 24, బిల్లులో 42. రెండు! హోల్డర్లు రెండుసార్లు పడ్డాయి. మూడు! ఇక... 12 స్విచ్చులు, 45 చొప్పున, 450. తప్పు! 540 కదా! నాలుగు!

ఆవిడ: (కాగితం చూసి) మొత్తం కూడిక తప్పు వదిలేశారు, పేరు రెండు రకాలుగా ఉన్నదీ వదిలేశారు... ఉండండి. 450 నేను పెట్టింది కాదే?

ఆయన: చూశావా! నీకే దొరకనిది నేను పట్టాను! మొహం చూడగానే...

ఆవిడ: 540కి 450. తేడా 90. తొమ్మిదితో పోతుంది. అంకెలు తారుమారు. (ఫైలు తీసి పాత బిల్లు వెతుకుతుంది) అసలు బిల్లులోనూ 450 అనే ఉంది. అంటే 90 తక్కువ తీసుకుని సరుకు పంపేశాం.

ఆయన: ఏ దద్దమ్మ రాశాడు? వాణ్ణి తీసుకున్నదెవరు?

ఆవిడ: (బిల్లు దీపానికి అడ్డంగా పెట్టి) సంతకం ఉంది. చివరి గీత చూశారా? రాకెట్టులా పైకి పోయింది.

(ఆయన వంగి చూస్తాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూస్తాడు.)

ఆయన: ఆ చేతిరాత లెక్క ఎంతన్నావూ?

ఆవిడ: 0.02.

ఆయన: సున్నా చేసెయ్యమను.