ఎవరి దగ్గర చదవబోతున్నారు?

పీహెచ్‌డీకి అప్లై చేద్దామనుకోగానే పిల్లలు తెరిచేది ర్యాంకుల పట్టిక. మన ఇళ్లల్లో పెద్దవాళ్లం అడిగేదీ అదే, "ఎన్నో ర్యాంకు?" అని. ఆ ప్రశ్న అడగొచ్చు, కానీ మొదట అడగాల్సింది అది కాదని నా గట్టి నమ్మకం.

అసలు ఆ ర్యాంకు ఎలా వస్తుంది? అమెరికా మీడియా సంస్థ యూఎస్ న్యూస్ వాళ్లు కంప్యూటర్ సైన్స్, ఫిజిక్స్ లాంటి సబ్జెక్టుల్లో పీహెచ్‌డీ ర్యాంకులు వేసేది కేవలం ఇతర యూనివర్సిటీల ప్రొఫెసర్లు ఇచ్చిన మార్కులను బట్టే. అంటే బయటివాళ్లలో ఆ డిపార్ట్‌మెంటుకున్న పేరు ఎంతో అది చెబుతుంది. లోపల మీ గైడ్ ఎలాంటివారో చెప్పదు. ఐదారేళ్లు మీరు పని చేయాల్సింది ఆయన దగ్గరే.

అది తెలుసుకోవడానికి దారులున్నాయి. ల్యాబ్ వెబ్‌సైట్‌లో పాత విద్యార్థుల పేర్లుంటాయి. ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు డిగ్రీ తీసుకున్నారు, ఇప్పుడెక్కడున్నారు, ఒక్కొక్కరి గురించీ వెతకండి. మధ్యలో మాయమైన పేర్లు ఎక్కువగా కనిపిస్తే ఆలోచించాల్సిందే. ఆ ల్యాబ్ పరిశోధన పేపర్లలో మొదటి పేరు, అంటే ఎక్కువ పని చేసినవాళ్లకు దక్కే చోటు, విద్యార్థులకు దక్కుతోందా చూడండి. (గణితంలో పేర్లు సాధారణంగా అక్షర క్రమంలో వేస్తారు కాబట్టి అక్కడ ఈ లెక్క పనికిరాదు.)

అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు అక్కడ చదువుతున్నవాళ్లతో మాట్లాడటం. ఈమెయిల్‌లో ఎవరూ మనసులో మాట రాయరు, ఫోన్‌లోనే అడగండి. డ్రాఫ్టు పంపితే ఎన్నాళ్లకు చూస్తారు? ప్రయోగం ఫెయిలైతే ఏమంటారు? మళ్లీ మొదటికొస్తే ఇదే ల్యాబ్‌లో చేరతారా? చివరి ప్రశ్నకి అవతలివాళ్లు తటపటాయిస్తే, మీరు దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఒక్కరినే నమ్ముకుని అప్లై చేయడమూ మంచిది కాదు. ప్రొఫెసర్లు వేరే చోటికి వెళ్లిపోతారు, రిటైరవుతారు, గ్రాంటు అయిపోతుంది. మీరు పని చేయాలనుకునేవాళ్లు కనీసం ఇద్దరు ముగ్గురు లేని డిపార్ట్‌మెంటుని లిస్టులోంచి తీసేయండి.

డబ్బు సంగతి అడగడానికి మొహమాటం వద్దు. ఫండింగ్ ఎన్నేళ్లకి గ్యారంటీ, వేసవి నెలలకూ స్టైపెండ్ వస్తుందా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ఇవి ఆఫర్ లెటర్‌లో రాసి ఉండాలి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ (పీజీ, పీహెచ్‌డీ చదువులు నడిపే యూనివర్సిటీల సంఘం) ఒప్పందంపై సంతకం చేసిన యూనివర్సిటీలు, ఫండింగ్‌తో ఇచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపే జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. ఆ గడువు మీ హక్కు. రెండో ఆఫర్ ఇంకా రాలేదన్న టెన్షన్‌లో మొదటిదానికి తొందరపడి సంతకం పెట్టకండి.