పుస్తకం ముందే చదివినవాళ్ళ మీద ఇన్ని నిందలా?

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చేతులు మారి మారి నా దగ్గరికే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: టీనేజీ వాళ్ళ కోసం రాసే ఫాంటసీ నవలలకు, అంటే యంగ్ అడల్ట్ పుస్తకాలకు, సొంతంగా పాఠకులంటూ లేరు, సినిమా పుణ్యాన అమ్ముడుపోతాయి. సినిమా చూస్తే చాలు, పుస్తకం చదవక్కర్లేదు. వాటి ఫ్యాన్స్ ఒక మంద, పేరు కనిపిస్తే ఏం తీసినా ఎగబడి చూస్తారు. పెద్దవాళ్ళు వీటిని చదవడం సిగ్గుచేటు. ఇదంతా నిజజీవితం నుంచి పారిపోవడం. పైగా పదేళ్ళు పోతే ఇవేవీ ఎవరికీ గుర్తుండవు.

రాసినవాళ్ళెవరో తెలీదు గానీ, ఇలాంటి పుస్తకం ఒక్కటైనా చివరిదాకా చదివిన ఛాయలు ఆ మెసేజ్‌లో ఎక్కడా లేవు. ఒక్కో మాటా పట్టుకుని చూద్దాం. కొన్నిచోట్ల వాళ్ళు అన్నదాంట్లో నిజం ఉంది, అదీ దాచను.

"సినిమా పుణ్యాన అమ్ముడుపోతాయి" అన్నదానికి తేదీలు చూస్తే చాలు. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం బ్రిటన్‌లో వచ్చింది 1997 జూన్‌లో, మొదటి సినిమా వచ్చింది 2001 నవంబర్‌లో. ఆ నాలుగేళ్ళలో నాలుగు పుస్తకాలు వచ్చేశాయి. నాలుగోదానికి, 2000 జులైలో, అమెరికాలో మొదటి ముద్రణే 38 లక్షల ప్రతులు వేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ తన బెస్ట్ సెల్లర్ జాబితాలోంచి పిల్లల పుస్తకాలను విడగొట్టి వేరే జాబితా పెట్టింది. పెద్దల నవలలు ఉండాల్సిన పై వరసల్లో ఈ సిరీస్ కదలకుండా కూర్చుంది మరి, మిగతా ప్రచురణకర్తలు గోలపెట్టరా? అప్పటికి ఎవరూ తెర మీద ఒక్క సీను కూడా చూడలేదు. పాఠకులు అంతమంది ఉన్నారు కాబట్టే సినిమా తీశారు.

సినిమా వచ్చాక అమ్మకాలు పెరుగుతాయి, అది మాత్రం కాదనను. ట్రైలర్ చూసి పుస్తకం పట్టినవాళ్ళు నాకే చాలామంది తెలుసు. కవర్ మీద నటుల ఫొటోలు వేసి మళ్ళీ అచ్చేస్తారు కూడా. (ఆ కవర్లంటే నాకు ఒళ్ళుమంట, అది వేరే గొడవ.) కానీ సినిమా చూసొచ్చినవాడు మొదటి భాగం కొనొచ్చేమో, అయిదు వందల పేజీల మూడో భాగం దాకా వెళ్ళాడంటే వాణ్ణి అంతదూరం లాక్కెళ్ళింది పుస్తకమే.

రెండో మాట, "సినిమా చూస్తే చాలు." ఇక్కడ కాసేపు ఆగాలి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

హంగర్ గేమ్స్ మొదటి నవల 2008లో వచ్చింది. కాట్నిస్ అనే పదహారేళ్ళ అమ్మాయి "నేను" అంటూ, అన్నీ అప్పుడే జరుగుతున్నట్టు చెప్పుకుపోతుంది. ఇరవై నలుగురు పిల్లల్ని ఒకచోట వదిలేసి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమని, దాన్ని దేశమంతా టీవీలో చూపించే ఆట అది. ఒకచోట ఆమె ఒక గుహలో ఉంటుంది, పక్కన ఆమె ఊరివాడే అయిన పీటా గాయంతో, జ్వరంతో పడి ఉంటాడు. కెమెరాలు చూస్తూనే ఉన్నాయి. ఆమె అతన్ని ముద్దు పెట్టుకుంటుంది. కాసేపటికి బయట చిన్న పారాచూట్ దిగుతుంది. విప్పితే వేడి వేడి సూప్. టీవీ చూసి మెచ్చినవాళ్ళు ఇచ్చే డబ్బుతో దాన్ని పంపింది వాళ్ళకు దారి చూపించాల్సిన హేమిచ్. దాంతోపాటు చీటీ గీటీ ఏమీ లేదు. ఆ గిన్నెను చూసి కాట్నిస్ తనే లెక్క కట్టుకుంటుంది: ఒక ముద్దుకి ఒక గిన్నె సూప్ అన్నమాట. ప్రేమ పండిస్తే తిండి దొరుకుతుంది.

ఇక అక్కణ్ణుంచి పాఠకుడికి నిద్ర ఉండదు. ఆమె అతని జుట్టు సవరించినా, నవ్వినా, భయపడినా, అది నిజమా, సూప్ కోసమా? తమాషా ఏంటంటే ఆమెకే తెలీదు. ఆ తెలియకపోవడం మీదే తర్వాతి రెండు పుస్తకాలూ నడుస్తాయి.

2012లో వచ్చిన సినిమాలో సూప్‌తో పాటు చీటీ కూడా వస్తుంది, ఇదీ ఒక ముద్దేనా అని హేమిచ్ వెటకారంగా రాసింది. తప్పని నేననను. మనసులో లెక్కను తెర మీద చూపించాలంటే దర్శకుడైనా ఏం చేస్తాడు? కానీ పుస్తకంలో ఆ అమ్మాయితో కలిసి లెక్క మనమే కట్టాం. సినిమాలో జవాబు కాగితం మీద రాసి చేతికిచ్చారు. అలాగని సినిమాకి ఏమీ దక్కలేదా అంటే, దక్కింది. ఆ ఆటను నడిపించే కంట్రోల్ రూమ్‌ను చూపించింది. పిల్లల మీదకు ఏ మంటను తోలాలో, ఏ జంతువును వదలాలో బటన్లు నొక్కుతూ నిర్ణయించే ఉద్యోగులు కనిపిస్తారు. పుస్తకం అక్కడికి వెళ్ళలేదు, ఎందుకంటే కాట్నిస్ అక్కడ లేదు. కాబట్టి ఆ కథను ఇష్టపడ్డవాళ్ళకు రెండూ కావాలి. ఒకటి చూస్తే రెండోది అక్కర్లేదు అనేవాళ్ళు బహుశా రెండూ ముట్టుకుని ఉండరు.

ఇంకో చిన్న ఉదాహరణ. హ్యారీ పాటర్ మూడో కథలో ఒక మ్యాప్ ఉంటుంది, స్కూల్లో ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో చూపిస్తుంది. దాని మీద తయారుచేసిన నలుగురి మారుపేర్లు ఉంటాయి. ఆ నలుగురిలో ఒకడు హ్యారీ తండ్రి, ఒకడు అతనికి పాఠం చెప్తున్న మాస్టారు, ఒకడు జైలు నుంచి పారిపోయి వచ్చినవాడు, ఒకడు ద్రోహి. పుస్తకంలో ఈ ముడి విడిపోయినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. 2004లో వచ్చిన సినిమా చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఆ ముడి విప్పే మాటలే అందులో లేవు. రెండు సినిమాల తర్వాత హ్యారీ నోట ఆ మారుపేర్లలో ఒకటైన "ప్యాడ్‌ఫుట్" వస్తే, పుస్తకాలు చదవని నా స్నేహితురాలు నా భుజం గీకి "ఎవరే వాడు, కొత్తగా వచ్చాడా?" అంది. హాల్లో గుసగుసగా చెప్పేంత చిన్న కథ కాదది.

మూడోది, "ఏం తీసినా ఎగబడి చూస్తారు." ఈ మాట విన్న నిర్మాతలెవరైనా ఉంటే ఏడుపు నవ్వు నవ్వుకుంటారు. డ్రాగన్ గుడ్డు దొరికిన కుర్రాడి కథ ఎరగాన్ పుస్తకంగా విపరీతంగా నడిచింది. 2006లో సినిమా వచ్చింది, మొదటి దానితోనే ఆగిపోయింది. నార్తర్న్ లైట్స్ నవలను 2007లో గోల్డెన్ కంపాస్ పేరుతో తీశారు. విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ పుస్తకం చివర ఒక పిల్లాడు చచ్చిపోయే ఘట్టం ఉంటుంది, కథంతా దానికోసమే పరుగెత్తుతుంది. దాన్నే కోసేసి, అందరూ కలిసి హాయిగా ఆకాశంలో వెళ్తున్నట్టు ముగించారు. రెండో సినిమా రానేలేదు. డైవర్జెంట్ అనే ఇంకో సిరీస్ సంగతి మరీ ఘోరం. మొదటి సినిమా 2014లో అమెరికాలో దాదాపు 15 కోట్ల డాలర్లు తెచ్చింది. చివరి పుస్తకాన్ని రెండు ముక్కలు చేసి, మొదటి ముక్కను 2016లో వదిలితే 6.6 కోట్లు వచ్చాయి. రెండో ముక్క ఇప్పటిదాకా లేదు. ముగింపు లేని సిరీస్‌గా మిగిలిపోయింది. ఎగబడే మంద అయితే ఇన్ని శవాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

మా అక్క కూతురు పెర్సీ జాక్సన్ సినిమా చూసిన రోజు నాకు బాగా గుర్తు. ఒళ్ళో నోట్‌బుక్, చేతిలో పెన్సిల్. పుస్తకానికీ సినిమాకీ ఉన్న తేడాలన్నీ నంబర్లు వేసి రాస్తోంది. ముప్పై దాటాక పెన్సిల్ పడేసి "ఇంక రాయలేను పిన్నీ" అంది. జాబితాలో మొదటిది: "పెర్సీకి పన్నెండేళ్ళు!" ఆశ్చర్యార్థకం మీద రెండుసార్లు దిద్దింది, కాగితం చిరిగేలా.

ఇంత చిన్నదానికి అంత కోపమా అనిపించొచ్చు. కానీ ఆ కథలో ఒక జోస్యం ఉంది. గ్రీకు పెద్ద దేవుళ్ళ సంతానంలో ఒకరికి పదహారేళ్ళు నిండేసరికి లోకం నిలవాలో కూలాలో తేలిపోతుంది. ఆ సంతానంలో ఒకడైన పెర్సీని పన్నెండేళ్ళ దగ్గర మొదలుపెట్టి, పుట్టినరోజు దగ్గరపడుతున్నకొద్దీ అయిదు పుస్తకాల పొడుగునా టెన్షన్ పెంచుకుంటూ పోతాడు రచయిత రిక్ రయర్డన్. 2010 సినిమాలో పెర్సీని ఏకంగా హైస్కూలు కుర్రాణ్ణి చేసేశారు. గడియారంలో ముల్లు పీకేసినట్టు అయింది. వయసు పెంచొద్దని రయర్డన్ అప్పుడే నిర్మాతలకు రాశాడు, ఆ లేఖల్ని చాలా ఏళ్ళ తర్వాత తనే బయటపెట్టాడు. 2013లో రెండో సినిమా వచ్చింది, అంతే. మళ్ళీ 2023 డిసెంబర్‌లో పన్నెండేళ్ళ పెర్సీతో, రచయిత దగ్గరుండి చేయించిన టీవీ సిరీస్ వచ్చాక గానీ మా పిల్ల కోపం చల్లారలేదు. అప్పటికి అది కాలేజీలో ఉంది.

ఇక్కడ ఒక ఒప్పుకోలు. హంగర్ గేమ్స్ సినిమా ఆడాక దాని మూసలో కూలిపోయిన ప్రభుత్వం, విల్లంబులో కత్తో పట్టిన అమ్మాయి, ఇద్దరు అబ్బాయిల మధ్య ఊగిసలాట అంటూ పుస్తకాలు వరదలా వచ్చాయి. చాలావరకు ఆవు వ్యాసాలే. నేనూ కొన్ని సగంలో వదిలేశాను. వదిలేశాను అన్నదే ఇక్కడ ముఖ్యం.

"పెద్దవాళ్ళు చదవడం సిగ్గుచేటు" అన్నది కొత్త మాటేం కాదు. 2014లో స్లేట్ పత్రికలో ఇదే వాదనతో వ్యాసం వస్తే పెద్ద రచ్చే జరిగింది. అప్పటికి రెండేళ్ళ ముందే అమెరికాలో బౌకర్ సంస్థ లెక్క తీసింది: 12 నుంచి 17 ఏళ్ళ వాళ్ళ కోసమని వేసే పుస్తకాలు కొన్నవాళ్ళలో 55 శాతం మంది 18 దాటినవాళ్ళు. పిల్లల కోసం కొని ఉంటారులే అంటారా? ఆ పెద్దలు నూటికి 78 సార్లు తమ కోసమే కొన్నామని చెప్పారు. సిగ్గుపడేవాళ్ళను ప్రచురణకర్తలు ఏనాడో కనిపెట్టారు కూడా. బ్లూమ్స్‌బరీ సంస్థ హ్యారీ పాటర్‌కి 1998 నుంచే పెద్దల కోసం వేరే అట్టలు వేసింది. లోపల ఒక్క అక్షరం తేడా లేదు, పైన మాత్రం గంభీరంగా ఉండే ఫొటో. నేను సిగ్గుపడేది ఆ అట్ట చూసి.

ఈ పుస్తకాలంటే ఇష్టపడే మావాళ్ళు కూడా ఒక గొప్ప చెప్పుకుంటారు, ఈ పుస్తకాలే పిల్లల్లో చదివే అలవాటును కాపాడాయని. అదీ నిలబడదు. అమెరికాలో ప్రభుత్వం చేసే నేషనల్ అసెస్‌మెంట్ సర్వేలో, దాదాపు ప్రతిరోజూ సరదాకి చదువుతామన్న పదమూడేళ్ళ పిల్లలు 2012లో 27 శాతం, 2023కి 14 శాతం. ఇన్ని సిరీస్‌లు, ఇన్ని సినిమాలు ఉండగానే అంత పడిపోయింది. పుస్తకాన్ని ప్రేమించడానికి అది సమాజసేవ అని కూడా నిరూపించాలా ఏమిటి?

ఇక "నిజజీవితం నుంచి పారిపోవడం." హంగర్ గేమ్స్‌కి బీజం ఎక్కడ పడిందో రచయిత్రి సుజాన్ కాలిన్స్ చాలాసార్లు చెప్పింది: ఒక రాత్రి టీవీ ఛానెళ్ళు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ పోటీ, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం, రెండూ కలిసిపోయినట్టు అనిపించిందట. ఆ కథలో జనం మూడు వేళ్ళు పైకెత్తి సెల్యూట్ చేస్తారు. 2014లో థాయిలాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడి జనం వీధుల్లో నిలబడి అవే మూడు వేళ్ళు ఎత్తారు. అలా ఎత్తిన విద్యార్థులను పట్టుకుపోయారు కూడా. ఆ ఏడాది నవంబర్‌లో బ్యాంకాక్‌లో ఒక థియేటర్ల సంస్థ ఈ సిరీస్‌లోని మూడో సినిమా ఆటల్ని రద్దు చేసుకుంది. 2021లో మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగాక మళ్ళీ అవే వేళ్ళు లేచాయి. తుపాకుల ఎదుట నిలబడ్డవాళ్ళు ఒక టీనేజీ నవల నుంచి సైగ అరువు తెచ్చుకున్నారు. దీన్ని పారిపోవడం అనాలంటే ముందు ఆ మాటకు అర్థం మార్చుకోవాలి.

చివరిది, "పదేళ్ళు పోతే ఎవరికీ గుర్తుండవు." హంగర్ గేమ్స్ మొదటి పుస్తకం 2008లో వచ్చిందని పైన చెప్పాను. అదే లోకంలో జరిగే ఇంకో నవల, హేమిచ్ కుర్రతనం కథ, 2025 మార్చిలో వచ్చింది. పైన గుహ దగ్గర సూప్ పంపిన ఆ హేమిచే. సినిమా తీస్తామని ప్రకటించారు గానీ అప్పటికి ఇంకా తీయలేదు. మొదటి వారంలోనే ఇంగ్లీషులో ప్రపంచమంతా కలిపి 15 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 2008లో పదమూడేళ్ళకు మొదటి భాగం చదివినవాళ్ళకు అప్పటికి ముప్పై వచ్చాయి. ఆ వారం నేనూ ఒకటి కొన్నాను. నా వయసు మాత్రం అడక్కండి.